గోడ ఎక్కని బల్లి

కామారెడ్డిలో జిరాక్స్ పేపర్ కట్టలు ఆటోలో పెట్టించుకుంటుంటే ఎవరో వెనక నుంచి "అక్కా" అని పిలిచారు. చూస్తే చేపల తొట్లు, పిట్టల పంజరాలు అమ్మే దుకాణం అతను. చేతుల నుంచి నీళ్ళు కారుతుండగానే రోడ్డు దాటి వచ్చాడు.

"మీ ఎల్లారెడ్డి ఊరి చాచా ఎట్లున్నడక్కా? కీచురాళ్ళ కోసం వస్తనే లేడు. వేరే కాడ తీసుకుంటున్నడా ఏంది?"

గొంతులో చిన్న అలక ఉంది. రోజూ వచ్చే మనిషి రావడం మానేస్తే పట్టే అలక.

"చాచా పోయిండు తమ్మీ. మొన్న వానాకాలంల" అన్నాను.

అతను తడి చేతులను ప్యాంటుకు తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేతులనే మళ్ళీ తుడుచుకున్నాడు. "నాకెవ్వరు చెప్పలె" అన్నాడు. దుకాణం వైపు ఒకసారి చూసి, "మరి అది?" అని అడిగాడు.

"ఉన్నది. మంచిగనే ఉన్నది."

"జర పైలంగ చూసుకోమను చాచీని" అని, ఇంకేదో అనబోయి, దుకాణంలో ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు.

ఎల్లారెడ్డి బస్సు ఎక్కి, కాళ్ళ దగ్గర పేపర్ కట్టలు సర్దుకుని కూర్చున్నాక, ఇదే రోడ్డు మీద ఆయన పక్కన కూర్చుని వచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు ఆయన ఒడిలో గాలి కోసం బెజ్జాలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఉంది. 'అది' అని మేమందరం అనేది ఆ డబ్బాలో వచ్చిన బల్లిని.

నా జిరాక్స్ దుకాణం ఆయన ఇంటి ముందరి షట్టర్లో ఉంది. నేను కిరాయికి దిగినప్పుడు ఆయన ఇంకా గల్ఫ్‌లోనే ఉన్నాడు. నాకు తెలిసిన ఇంటి యజమాని చాచీయే. ఆయన అంటే, సాయంత్రం పూట చాచీ ఫోన్లోంచి వినిపించే దగ్గు, ఆ దగ్గు వెనక ఒక గొంతు. ఇద్దరు కూతుళ్ళకూ పెళ్ళిళ్ళయి ఒకామె గాంధారికి, ఒకామె భిక్నూర్‌కు పోయాక చాచీ ఇంటి నిండా జీవాలను చేర్చుకుంది. తల్లి చచ్చిన మేకపిల్లలు, ఎవరో ఊరు మారుతూ వదిలిపోయిన పిల్లి, కాలు విరిగి సంతలో అమ్ముడుపోని కోడి, దాని పిల్లలు, పక్కింటి పిల్లలకు విసుగొచ్చి ఇచ్చేసిన లవ్‌బర్డ్స్. ఏ ఒక్కటీ ఆమె కోరి తెచ్చుకున్నది కాదు. "నా ఇంటికి అన్ని దిక్కు లేనియే వస్తయ్ బిడ్డ" అనేది. విసుక్కుంటున్నట్టే ఉండేది కాని ఆ మాటలో గర్వం ఉండేది. ఆమె గొంతు వింటే మేకలు గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చేవి. ఆమె ఎటు పోతే పిల్లి అటు.

అలాంటి ఇంటికి ఆయన, ఇక ఉండిపోవడానికి, దగ్గుతో వచ్చాడు.

మొదట్లో ఆయన్ని చూసినవాళ్ళు చుట్టపుచూపుగా వచ్చిన మనిషనుకునేవాళ్ళు. చెప్పులు గడప బయటే, కొసలు వీధి వైపు ఉండేలా జతగా విడిచేవాడు. సొంత ఇంట్లోకి పోయే ముందు తలుపు మీద వేలితో తట్టి, ఒకసారి దగ్గి, అప్పుడు అడుగు పెట్టేవాడు. లోపల ఉన్నది చాచీ ఒక్కతే. కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోగా నేను చూడలేదు. ఎవరైనా వస్తే లేచి చోటివ్వాలన్నట్టు అంచునే కూర్చునేవాడు. తిన్న పళ్ళెం తానే కడిగి గోడకు ఆనించేవాడు. దాహమైతే వంటింటి గుమ్మం దగ్గర నిలబడి "నీళ్ళు దొరుకుతయా?" అని అడిగేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా చాచీ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. నవ్వు ఆపుకుంటుందని నేను చాలా రోజులు అనుకున్నాను.

తన వల్ల ఎవరికీ ఇబ్బంది కలగకూడదన్నట్టు, ఆయన నోట ఎక్కువగా వినిపించే మాట ఒకటే. "ఎవ్వరికి తక్లీఫ్ వద్దు."

జీవాలు ఆయన్ని దగ్గరికి రానివ్వలేదు. చాచీ పిలిచినట్టే 'దా దా దా' అని పిలవడం నేర్చుకున్నాడు. మేకలు తలెత్తి చూసి, మళ్ళీ నెమరు వేసుకునేవి. పిల్లి ఆయన మంచం ఎక్కేది కాదు. ఆయన వసారాలోకి వస్తే లవ్‌బర్డ్స్ కిచకిచలు ఆపేవి. ఒకరోజు నా షట్టర్ ముందు నిలబడి, "ఈ ఇంట్ల అందరికన్న కొత్తోన్ని నేనే బిడ్డ. కోడిపిల్లలు గూడ నాకన్న సీనియర్లు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నా నవ్వు ఇంకా అయిపోకముందే ఆయన నవ్వు ఆగిపోయింది.

ఒకసారి నేను సామాను కోసం కామారెడ్డి పోతుంటే, పిట్టలకు కొర్రలు తెమ్మని చాచీ ఆయన్ని నాతో పంపింది. అక్కడే, దుకాణం లోపలి గోడకు ఆనించిన గాజు పెట్టెల్లో, అవి రెండు కనిపించాయి. పసుపు ఒంటి మీద నల్ల చుక్కలు, లావు తోకలు, రెప్పలున్న కళ్ళు.

"ఏంది ఇవి?" అన్నాడు.

"గెకో అంటరు చాచా. మన బల్లి జాతే, కని బయటి దేశంది. పట్నంల ఇండ్లల్ల సాదుకుంటున్నరు. ఈడ ఎవ్వరు కొంటలేరు, భయపడుతున్నరు."

ఆయన వంగి చూశాడు. అందులో ఒకటి కళ్ళు మూసి తెరిచింది.

"రెప్ప కొడుతున్నది" అన్నాడు, నాతోనో తనలో తానో.

తిరుగు బస్సులో చెప్పాడు. గల్ఫ్‌లో, ఎడారిలో గోదాం కాపలా కాసే రోజుల్లో ఆయనది ఒంటరి రేకుల గదట. డ్యూటీ నుంచి వచ్చి ట్యూబ్‌లైట్ వేస్తే దాని దగ్గరికి ఒక బల్లి వచ్చేదట.

"దోస్తు అయిందా చాచా?" అన్నాను.

"దోస్తు ఎట్లయితది బిడ్డ, బల్లి గద! ఇద్దరం ఒక్క రూముల ఉంటుంటిమి, గంతే. నేనొక్కన్నే ఉన్న అని మాత్రం అనిపియ్యకపోతుండె."

ఆ తర్వాత ఆయన ఏదో ఒక వంకతో కామారెడ్డి పోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు దగ్గు మందు, ఒకరోజు బ్యాంకు పని. పోయి, ఆ గాజు పెట్టెల ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాడని దుకాణం అతను తర్వాత చెప్పాడు. అవి తినే వేళకు సరిగ్గా అక్కడ ఉండేలా చూసుకునేవాడట. ఏమీ కొనకుండా పోతున్నానన్న మొహమాటానికి ప్రతిసారీ ఇంత కొర్రలు కట్టించుకునేవాడట. చాచీ కొర్రల డబ్బా నిండి పొర్లిపోతుంటే మాకెవరికీ కారణం తెలియలేదు.

ఎంచుకున్న రోజు నేను పక్కనే ఉన్నాను. దుకాణం అతను అమ్మేయాలని తొందరపడే మనిషి కాదు.

"ఇంట్ల పిల్లి ఉన్నదా చాచా?"

"ఉన్నది."

"కోళ్ళు?"

"ఉన్నయ్. మేకలు, పిట్టలు గూడ."

"అయితే మల్లొక్కసారి ఆలోచన చెయ్యి. పిల్లి ఊకోదు. మూత గట్టిగుండాలె, వేలు దూరే సందు గూడ ఉండొద్దు. ఇంకొక్కటి. ఇది గింజలు తినది, అన్నం తినది. బతికున్న పురుగే తింటది. కదలకుంటే ముట్టది. అంటే నువ్వు పురుగులను గూడ సాదాలె."

ఆయన తల ఊపాడు. "మనిషిని గుర్తుపడతదా?"

"పిల్లి లెక్క, కుక్క లెక్క పట్టది చాచా. అలవాటు పడతది. నీ చెయ్యి చూసి భయపడది, గంతే."

"సాలు" అన్నాడు. "భయపడకుంటే సాలు."

రెండింటినీ బయటికి తీయించి చూశాడు. వేళ్ళన్నీ ఉన్నాయా, కళ్ళు తేటగా ఉన్నాయా, కడుపు కింద మచ్చలున్నాయా అని. తర్వాత రెండింటికీ చెరొక పురుగు వేయమన్నాడు. ఒకటి మెడ సాచి, తోక కొస సన్నగా ఆడించి, ఒక్క ఉదుటున పట్టుకుంది. రెండోది చూసింది కాని కదల్లేదు. దాని తోక ఎప్పుడో తెగి మళ్ళీ మొలిచింది, మొండిగా, ఎవరో తెచ్చి అతికించినట్టు.

"దీన్నే తీసుకుంటవనుకున్న చాచా" అన్నాను, ఆ మొండి తోకదాన్ని చూపించి. చాచీ అయితే ఇంకోదాని వైపు చూడకుండా దాన్నే తెచ్చేది.

ఆయన దాని మొండి తోక వైపు చూశాడు.

"పాపం అని తెచ్చుకుంటే, చూసినప్పుడల్లా పాపమే అనిపిస్తది బిడ్డ. మా ఇంట్ల అన్ని గట్లొచ్చినయే. నేను గూడ." పురుగును పట్టుకున్నదాన్ని చూపించి, "నాకు మంచిగున్నదే కావాలె. తినేది. బతికేది" అన్నాడు.

ఎన్నేండ్లు బతుకుతుందని అడిగాడు. మంచిగా చూసుకుంటే పదిహేనేండ్లు కూడా బతుకుతుందని దుకాణం అతను చెప్పాడు.

"అయితే నాకన్న ఎక్కువనే" అన్నాడు. సంతోషంగానే అన్నాడు.

బయటికి వచ్చే ముందు మొండి తోకదాని గాజు మీద ఒకసారి వేలు ఆనించాడు.

చాచీ డబ్బా మూత కొంచెం తీసి చూసి, చటుక్కున వెనక్కి జరిగింది. పెరట్లో పాము కనిపిస్తే కట్టె పట్టుకునే మనిషికి బల్లంటే మాత్రం ఒళ్ళు జలదరింపు.

"ఇన్ని నోర్లకు పెడుతున్న, సాలదా? నా ఇంట్ల బల్లి ఏంది!"

ఆయన డబ్బాను రెండు చేతులా పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయాడు. చెప్పులు విడవలేదు, గడప దాటలేదు. 'నా ఇంట్ల' అన్న మాట ఎక్కడ తగిలిందో చాచీకి అప్పుడు తెలిసింది. ఆమె తప్పయిందని అనలేదు. గిర్రున తిరిగి లోపలికి పోయింది. లోపల ఏవో జరుపుతున్న చప్పుడు వినిపించింది. నేను షట్టర్లోకి పోదామనుకుంటూనే పోలేకపోయాను. చివరికి చాచీ గుమ్మంలోకి వచ్చి, కొంగుతో మొహం తుడుచుకుంటూ, "పడకింట్ల అల్మారి కింది అర ఖాళీ చేసిన. ఆడ పెట్టు. ఎండ పడది. పిల్లిని నేను చూసుకుంట" అంది.

ఆయన తలుపు తట్టకుండా ఆ ఇంట్లోకి పోవడం నేను చూసింది అదే మొదటిసారి. చేతులు రెండూ డబ్బాకే ఉన్నాయి మరి.

దానికి పేరు పెట్టలేదు. పెట్టమని నేను అడిగితే, "పేరు పెడితే పిలవాలె. పిలిస్తే అది రాది. ఎందుకు?" అన్నాడు. నాకు మేకల సంగతి గుర్తొచ్చింది.

దాన్ని పెంచడమంటే దాని తిండిని పెంచడం. పిండి గిర్నీ నుంచి గోధుమ తవుడు తెచ్చి ఒక తొట్టిలో పోసి అందులో పిండిపురుగులను పెంచాడు. వాటి కోసం క్యారెట్ ముక్కలు సన్నగా తరిగేవాడు. "తినబోయే దానికి గూడ కడుపు నిండాలె గద" అనేవాడు. కామారెడ్డి నుంచి తెచ్చిన కీచురాళ్ళు డబ్బాలో ఉండి ఇల్లంతా మోగించేవి. చాచీ నెత్తి పట్టుకుని "ఇది ఇల్లా, అడివా?" అనేది. ఒకరోజు తవుడు తొట్టి ఎండకు పెట్టి నీళ్ళు తాగడానికి పోతే కోళ్ళు చేరి సగం పురుగులు ఊడ్చేశాయి. చాచీ వాటిని తరుముతూ తిట్టిన తిట్లకు వీధి వీధంతా బయటికొచ్చింది. ఆ తొట్టిని ఆమె తనదిగా తిట్టడం ఆ రోజే విన్నాను.

రోజూ పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు చేసుకుని వచ్చాక ఆయన తినిపించేవాడు. ముందు చాచీ జీవాల పని అయ్యేది. మేకలు కొట్టంలోకి, కోళ్ళు గంప కిందికి, పిట్టల పంజరం మీదికి గుడ్డ, పిల్లికి పాలన్నం పెట్టి బయట గొళ్ళెం. అప్పుడు ఆయన వంతు. అల్మారి ముందు నేల మీద కూర్చుని, ఒక పురుగును తెల్లటి క్యాల్షియం పొడిలో దొర్లించి, చిన్న చిమటాతో, అంటే పట్టకారుతో, పట్టుకుని దాని కోసం తెచ్చిన గాజు పెట్టె లోపలికి చాచేవాడు. అది దాక్కోవడానికి బోర్లించి పెట్టిన గుల్ల కింద నుంచి తల బయటికి పెట్టి చూసేది. "తొందరేం లేదు" అనేవాడు దానితో. చెయ్యి వణికే మనిషి, కాని ఆ వేళకు చిమటా కదిలేది కాదు. అది దగ్గరికొచ్చి, వాసన చూసి, పట్టుకుని, కళ్ళు మూసుకుని మింగేది. దానితోపాటే ఆయన గొంతు కూడా ఒకసారి కదిలేది. ఆ సంగతి ఆయనకు తెలియదనుకుంటాను.

"ఆ పురుగును చూస్తే బాధ కాదా చాచా?" అని ఒకసారి అడిగాను.

"అయితది. అందుకే నేనే పెడుత. ఇంకొకరికి చెప్ప."

బల్లిని సాకడం ఎవరికీ నచ్చలేదు. గాంధారి వియ్యంకుడు వచ్చినప్పుడు, బల్లిని చంపితే సవాబ్, పుణ్యం అంటారు కదా, నువ్వేమో సాకుతున్నావని గట్టిగానే అడిగాడు. ఆయన వాదించలేదు. "అది గోడలెక్కి ఇల్లంత తిరిగేదాని ముచ్చట భాయ్. ఇది గోడ ఎక్కలేదు. దీని కాళ్ళకు ఆ జిగట లేదు. పెట్టిన కాడ ఉంటది" అన్నాడు. వియ్యంకుడు వంగి దాని కాళ్ళు చూసి, చాయ్ తాగి వెళ్ళిపోయాడు. మా అత్తది ఇంకో భయం. బీడీలు చుట్టుకుంటూ కూర్చున్న చోటి నుంచే, "మీద పడితే ఏ దిక్కు పడ్డదో చూసుకోవాలె, మంచిది కాదు" అని కబురు పంపింది. "ఎక్కితే గద అవ్వ పడేది!" అని ఆయన జవాబు పంపాడు. మా అత్త రెండు రోజులు నవ్వుకుంది.

చలికాలం రాగానే ఆయన దగ్గు ముదిరింది. కామారెడ్డి దవాఖానలో చూపిస్తే పట్నం పొమ్మన్నారు. పెద్ద కూతురు వెంట పోయింది. జీవాలను విడిచి చాచీ కదలలేకపోయింది. పోయే ముందు ఆయన చిమటా ఆమె చేతిలో పెట్టి, ఎట్లా పట్టుకోవాలో చూపించాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకునే నేర్చుకుంది.

అది ఆమె చేతి నుంచి తినలేదు. మొదటి రోజు భయం ఎవరిదో తెలియదు, పురుగు కింద పడిపోయింది. మర్నాడు నేను తోడు కూర్చున్నాను. అది గుల్ల కింద నుంచి రానే లేదు. దుకాణం అతనికి ఫోన్ చేస్తే, చలికి తినవు, వెచ్చగా ఉంచమన్నాడు. చాచీ ఆయన శాలువా తెచ్చి గాజు పెట్టె చుట్టూ చుట్టింది. కరెంటు పోతే వేడినీళ్ళ సీసాలు పక్కన పెట్టింది. మేకల కోసం లేవని మనిషి దాని కోసం రాత్రుళ్ళు మధ్యమధ్య లేచి చూస్తున్నానని చెప్పింది. అయినా అది తినలేదు.

సాయంత్రం పూట పట్నం నుంచి ఫోన్ వచ్చేది.

"తిన్నదా?" అనేది ఆయన మొదటి మాట.

"తిన్నది. మంచిగ తిన్నది" అనేది చాచీ. చేతిలో చిమటా, చిమటాలో పురుగు అలాగే ఉండేవి.

"నా చెయ్యి గాకున్న తిన్నదా?"

"తిన్నది అంటున్న గద. నువ్వు పరేషాన్ గాకు."

ఫోన్ పెట్టేసి నా వైపు చూసేది కాదు.

ఆయన్ని ఇంటికి తెచ్చిన రోజు ఆటో దిగడానికే చాలాసేపు పట్టింది. నేనూ, కూతురూ చెరో రెక్క పట్టుకున్నాం. మంచం మీద కూర్చోబెట్టగానే అల్మారి వైపు చూశాడు. చాచీ శాలువా విప్పింది. ఆయన చాలాసేపు చూశాడు. లావుగా ఉండే తోక వాడి, సన్నబడి ఉంది. తినని రోజుల్లో అది తోకలో దాచుకున్నదాని మీదే బతుకుతుంది. ఆ సంగతి ఆయనకు మా అందరికంటే బాగా తెలుసు.

"తోక సన్నబడ్డది" అన్నాడు.

చాచీ గోడకు ఆనుకుని నిలబడింది. "అబద్ధం చెప్పిన" అంది. "ఒక్క దినం గూడ తినలే. నువ్వు ఆడ పండుకొని దీని రంది పెట్టుకుంటవని చెప్పలే. నీ ఒక్క జీవాన్ని నేను..."

ఆయనకు కోపం వస్తుందేమోనని నేను భయపడ్డాను. ఆయన ఊపిరి కూడదీసుకుంటున్నాడు.

"నేను చెప్పలేదా?" అన్నాడు.

"నువ్వేం చెప్పినవ్?"

"గల్ఫ్‌కెల్లి ఫోన్ చేసినప్పుడల్లా నువ్వు అడుగుతుంటివి గద, తిన్నవా అని. తిన్న అని చెప్తుంటి."

చాచీకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. "తినకపోతుంటివా?" అంది, గొంతు పూర్తిగా మారిపోయి.

"కొన్నిసార్లు. ఒక్కనికి ఏం వండుకోవాలె? పానం ఒప్పకపోతుండె."

"అన్నేండ్లు?"

"యాదికి లేదు ఇప్పుడు. ఇడిసిపెట్టు."

చాచీ విడిచిపెట్టలేదు. వంటింట్లోకి పోయింది. పొయ్యి వెలిగిన చప్పుడు, గిన్నెల చప్పుడు వినిపించాయి. మెత్తగా ఉడికించిన కిచిడీ పళ్ళెంలో తెచ్చి ఆయన ముందు పెట్టి, తాను ఎదురుగా నేల మీద కూర్చుంది. "తిను" అంది. ఆయన ఒక్కో ముద్దా తింటుంటే, ముద్ద చేతి నుంచి నోటికి, నోటి నుంచి గొంతులోకి పోయేదాకా చూస్తూ కూర్చుంది. నేను చప్పుడు చేయకుండా బయటికి వచ్చేశాను.

ఎండలు ముదిరాక అది మళ్ళీ తినడం మొదలుపెట్టింది. నువ్వొచ్చావనే తింటోందని వీధిలో అందరూ ఆయనతో అన్నారు. "నా కోసం గాదు, ఎండ కోసం" అన్నాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో చాచీ ఒక ఆనవాయితీ పెట్టింది. ముందు ఆయన ఆమె కళ్ళ ముందు తినాలి. ఆ తర్వాతే చిమటా చేతికిచ్చేది. ఆయన చేతులు వణకడం ఎక్కువయ్యాక ఆమె కూడా పక్కన కూర్చుని ఆయన మణికట్టు పట్టుకునేది. ఒక చిమటాకు ఇద్దరి చేతులు. అది తోక కొస ఆడిస్తే ఇద్దరూ ఊపిరి బిగబట్టేవాళ్ళు. పిల్లి తలుపు బయట గీరుతూ ఉండేది. "నీకు పెట్టిన గద, ఊకో" అని చాచీ లోపలి నుంచే కసిరేది. ఆ ఎండాకాలంలో ఆయన కుర్చీలో వెనక్కి ఆనుకుని నిద్రపోవడం చూశాను. ఒళ్ళో పిల్లి లేదు, కాళ్ళ దగ్గర మేక లేదు. అయినా నిద్రపోయాడు.

వానాకాలం మొదట్లో, ఒక పొద్దున, సొంత మంచం మీదే ఆయన ఊపిరి ఆగిపోయింది. చాచీ పక్కనే ఉంది. ముందు రోజు సాయంత్రం తిన్నాడు, తినిపించాడు.

ఇద్దత్ రోజుల్లో, అంటే భర్త పోయిన ఆడమనిషి ఇల్లు కదలకుండా ఉండే గడువులో, నేను మధ్యాహ్నాలు షట్టర్ దించి చాచీ దగ్గర కూర్చునేదాన్ని. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళు అల్మారి వైపు చూసి జరిగి కూర్చునేవాళ్ళు. ఎవరికైనా ఇచ్చేయమని ఒకామె, వదిలేయమని ఒకామె చెప్పేవాళ్ళు. వాళ్ళు పోయాక చాచీ మొహం పక్కకు తిప్పుకోకుండా, ఒక్కతే, పురుగును పొడిలో దొర్లించి పెట్టేది. అది తినేది.

ఒకరోజు నేనే అడిగాను. "నీకు భయం గద చాచీ. ఉంచుకుంటవా మరి?"

ఆమె కిటికీలోంచి పెరటి వైపు చూసింది.

"కోళ్ళ కాడ నీలం పెట్టె చూసినవు గద?"

చూశాను. మూత విరిగిన పెద్ద సూట్‌కేసు. అందులో గడ్డి పరిచి, పొదుగుకొచ్చిన కోడిని కూర్చోబెట్టేది. ఏదో పాత సామాననుకున్నాను.

"ఆయన దాంతోనే వచ్చిండు. వచ్చినంక దాంట్లకెల్లి బట్టలు తియ్యనే లేదు బిడ్డ. మంచం కింద పెట్టుకున్నడు. రోజొక జత తీసుకునుడు, ఉతికినంక మడతపెట్టి మల్ల దాంట్లనే పెట్టుడు. నేనేమడుగుదు? మల్ల పోతవా అని అడిగితే, పోత అంటడేమో. రోజు ఊడుస్తుంటె చీపురు దానికి తాకుతుండె. తాకినప్పుడల్లా పానం జల్లుమంటుండె."

కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"ఇది వచ్చిన దినం, పురుగుల తొట్టికి చీకటున్న జాగ కావాలె, మంచం కింద పెడుత అన్నడు. పెట్టె బయటికి గుంజి బట్టలన్ని తీసిండు. నా చీరెల పక్కన మేకులకు తగిలిచ్చిండు. ఖాళీ పెట్టె నా చేతికిచ్చి, కోళ్ళకు పనికొస్తదా చూడు అన్నడు. కోళ్ళ కాడికి పోయి ఏడ్చిన."

బయట మేక అరిచింది. ఆమె లేవలేదు.

"మల్ల పోతడని భయపడుకుంటనే ఇన్నేండ్లు బతికిన బిడ్డ. పోయిండు. కని, తన ఇంట్లకెల్లే పోయిండు."